హర్లింగ్ నేషనల్ లీగ్: "లీగే కదా" అని ఎందుకంటారు? (చరిత్ర, ఫార్మాట్ మీద చర్చ)

కొత్త_అభిమాని | 7 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 1:20

అందరికీ నమస్కారం. ఐర్లండ్‌లోని కార్క్ వచ్చి ఏడాదిన్నర అయింది. మా టీమ్‌లో పనిచేసే ఒకాయన దగ్గర టికెట్ మిగిలితే నిన్న మొదటిసారి పార్క్ ఈ కీవ్ స్టేడియానికి వెళ్లాను. కర్రతో బంతి కొట్టే ఐరిష్ ఆట హర్లింగ్, దాని లీగ్ ఫైనల్, కార్క్, టిప్పరరీ కౌంటీల (మన జిల్లాల్లాంటివి) జట్ల మధ్య. కార్క్ 3-24, టిప్పరరీ 0-23. ఈ స్కోరు ఎలా చదవాలో కూడా నాకు తెలీదు, జనం అరిచినప్పుడల్లా నేనూ అరిచాను.

నా పక్క సీట్లో ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి. ఆట అయిపోయాక అందరూ కిందికి దిగుతుంటే ఆయన మాత్రం టోపీ చేతిలో పట్టుకుని మైదానం వైపు చూస్తూ అలాగే నిలబడ్డారు. కళ్లు తడిగా ఉన్నాయి. "98 తర్వాత ఇదే" అని మాత్రం అన్నారు.

ఇవాళ ఆఫీసుకొచ్చి సంబరంగా "గెలిచాం కదా!" అంటే ఇద్దరు ముగ్గురు ఒకే మాట అన్నారు: "లీగే కదా. అసలు ఆట వేసవిలో." ఆ పెద్దాయన కన్నీళ్లు నిజమా, వీళ్ల మాట నిజమా? ఈ లీగ్ అంటే ఏంటో మొదటి నుంచి ఎవరైనా చెప్పగలరా?

లీసైడ్_తెలుగు | 7 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 2:05

తమ్ముడూ, ముందు స్కోరు సంగతి. గోల్‌పోస్టు ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా ఉంటుంది చూశావు కదా. అడ్డకర్ర కింద నుంచి వలలోకి బంతి వెళ్తే గోల్, దానికి 3 పాయింట్లు. అడ్డకర్ర పైనుంచి రెండు స్తంభాల మధ్యగా వెళ్తే 1 పాయింటు. 3-24 అంటే 3 గోల్స్, 24 పాయింట్లు, మొత్తం 33. టిప్పరరీది 23. పది పాయింట్ల తేడా అంటే హర్లింగ్‌లో గట్టి గెలుపే.

ఇక పోటీలు రెండు. ఆల్ ఐర్లండ్ ఛాంపియన్‌షిప్ 1887 నుంచి ఉంది. లియమ్ మెకార్తీ కప్పు దానికి ఇస్తారు, పల్లెపల్లెకీ ఊరేగించేది ఆ కప్పునే. నేషనల్ లీగ్ 1925లో మొదలైంది. మొట్టమొదటి లీగ్ (1925-26) గెలిచింది మన కార్కే.

ఆఫీసు వాళ్ల మాటా అబద్ధం కాదు, పెద్దాయన కన్నీళ్లూ అబద్ధం కాదు. ఆయన అన్న 98 అంటే, కార్క్ అంతకుముందు చివరిగా లీగ్ గెలిచిన 1998. కార్క్ ఆల్ ఐర్లండ్ చివరిగా గెలిచింది 2005లో. ఆ తర్వాత నిన్నటిదాకా సీనియర్ హర్లింగ్‌లో జాతీయ స్థాయి టైటిల్ ఒక్కటీ లేదు. పోయినేడు ఆల్ ఐర్లండ్ ఫైనల్లో ఎక్స్‌ట్రా టైమ్ దాకా లాగి క్లేర్ చేతిలో ఒక్క పాయింటుతో ఓడిపోయాం. ఇరవై ఏళ్లు ఖాళీ చేతులతో ఇంటికొచ్చిన వాళ్లకి ఇది "లీగే కదా" ఎలా అవుతుంది చెప్పు!

గాల్వే_గోదారి | 7 ఏప్రిల్ 2025, సాయంత్రం 6:40

చరిత్ర అడిగారు కాబట్టి నన్ను ఆపకండి. నాకు చాలా ఇష్టమైన విషయం ఇది.

లీగ్ ఎందుకు పుట్టిందో తెలిస్తే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. ఆ రోజుల్లో ఛాంపియన్‌షిప్ పూర్తిగా నాకౌట్. ఒక్క మ్యాచ్ ఓడితే ఆ ఏడాదికి కథ ముగిసినట్టే. ఏడాదంతా సాధన చేసి ఒకే ఒక్క ఆదివారం ఆడి, ఓడి, మళ్లీ ఏడాది ఎదురుచూడాలి. ఆటగాడు ఎదగాలంటే మ్యాచ్‌లు కావాలి కదా. అందుకని శరదృతువులో మొదలై, చలి ముదిరినప్పుడు ఆగి, వసంతంలో మళ్లీ సాగే పోటీ ఒకటి పెట్టారు. పాత రికార్డుల్లో 1933-34, 1959-60 అని రెండేళ్లు కలిపి రాసి ఉండేది అందుకే. 1997 నుంచి ఒకే క్యాలెండర్ ఏడాదిలోకి మార్చారు.

1930ల్లో లీగ్ అంటే లిమరిక్. 1934 నుంచి 1938 వరకు వరసగా 5 సార్లు గెలిచారు. వాళ్ల గొప్ప ఆటగాడు మిక్ మాకీ కాలం అది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1942 నుంచి 1945 దాకా లీగ్ జరగలేదు. యుద్ధం అయ్యాక 1946లో క్లేర్ గెలిచింది. ఆపైన టిప్పరరీ యుగం. 1949 నుంచి 1961 లోపల 13 ఏళ్లలో 9 సార్లు లీగ్ వాళ్లదే.

ఇంకొక ముచ్చట. 1950, 60 దశకాల్లో కొన్నేళ్లు ఐర్లండ్‌లో జరిగే ఫైనల్‌ని "హోమ్ ఫైనల్" అనేవాళ్లు. అది గెలిచిన జట్టు అసలు టైటిల్ కోసం న్యూయార్క్ జట్టుతో ఆడాలి. న్యూయార్క్ అంటే ఎవరనుకుంటున్నారు? పొట్టకూటి కోసం ఓడ ఎక్కి అమెరికా వెళ్లిపోయిన ఐరిష్ కుర్రాళ్లు. ఊరు వదిలినా కర్ర వదలలేదు వాళ్లు. హర్లింగ్ లీగ్ టైటిల్ మాత్రం న్యూయార్క్‌కి ఎప్పుడూ దక్కలేదు. ఊరికి దూరంగా బతికే మనకి ఆ మ్యాచ్‌ల వెనక ఉన్న మనసు తెలుస్తుందని నాకెప్పుడూ అనిపిస్తుంది.

థర్లెస్_దారి | 7 ఏప్రిల్ 2025, రాత్రి 9:15

నేను టిప్పరరీ వాడిని, అంటే పదకొండేళ్లుగా ఇక్కడే. నిన్నటి దెబ్బ ఇంకా మానలేదు, అయినా మా గొప్ప చెప్పినందుకు థాంక్స్ అన్నా. మొత్తం లీగ్ టైటిళ్లు మావి 19. కిల్కెనీవీ 19, అయితే వాళ్ల ఖాతాలో 2021 నాటిది గాల్వేతో పంచుకున్నది. నిన్నటితో కలిపి కార్క్‌వి 15. మేం చివరిగా గెలిచింది 2008లో.

మాకు బాధ కలిగించేదైనా 1956 ఫైనల్ గురించి చెప్పకపోతే అన్యాయం. డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియం. టిప్పరరీ, వెక్స్‌ఫర్డ్. హాఫ్ టైమ్‌కి టిప్పరరీ 2-10, వెక్స్‌ఫర్డ్ 0-1. పదిహేను పాయింట్ల తేడా! ఆ రోజు ఈదురుగాలి, మొదటి సగం మా వైపు వీచింది. రెండో సగంలో గాలి వాళ్ల వీపు మీదికి వచ్చింది. చివరికి వెక్స్‌ఫర్డ్ 5-9, టిప్పరరీ 2-14. నాలుగు పాయింట్లతో వెక్స్‌ఫర్డ్ గెలిచింది. మా వీధిలో ఒక పెద్దాయన ఆ మ్యాచ్ గురించి ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెప్తారు, ఓడిన వైపు మనిషి అయి ఉండి కూడా. లీగ్ మ్యాచ్ అది! వెక్స్‌ఫర్డ్ ఆ ఏడాది ఆల్ ఐర్లండ్ కూడా గెలిచింది.

డబ్లిన్15_నాన్న | 8 ఏప్రిల్ 2025, ఉదయం 7:50

చరిత్ర బాగుంది కానీ ఇప్పటి ఫార్మాట్ సంగతి చూద్దాం. నాకు ఇందులో గట్టి అభ్యంతరాలే ఉన్నాయి.

ఈ ఏడాది నుంచి కొత్త పద్ధతి. డివిజన్ 1ఏలో 7 జట్లు: క్లేర్, కార్క్, గాల్వే, కిల్కెనీ, లిమరిక్, టిప్పరరీ, వెక్స్‌ఫర్డ్. 1బీలో మరో 7: వాటర్‌ఫర్డ్, ఆఫలీ, డబ్లిన్, ఆంట్రిమ్, కార్లో, లీష్, వెస్ట్‌మీత్. ఆ కింద 2, 3, 4 డివిజన్లు. ఒక్కో జట్టు తన డివిజన్‌లో అందరితో ఒక్కోసారి ఆడుతుంది, అంటే 6 మ్యాచ్‌లు. గెలిస్తే 2 పాయింట్లు, డ్రా అయితే 1. రెండు జట్లు సమానమైతే వాళ్లిద్దరి మధ్య మ్యాచ్ ఎవరు గెలిచారో చూస్తారు. మూడు జట్లు సమానమైతే స్కోరు తేడా. 1ఏలో మొదటి రెండు జట్లు నేరుగా ఫైనల్, సెమీస్ లేవు. చివరి రెండు జట్లు 1బీకి దిగిపోతాయి, అక్కడి నుంచి రెండు పైకొస్తాయి.

2020 నుంచి 2024 దాకా ఇలా లేదు. 1ఏ, 1బీ రెండూ సమాన బలం ఉన్న గ్రూపులు, ఒక్కోదాంట్లో 6 జట్లు. ఓడినా పెద్ద ప్రమాదం లేదు కాబట్టి పెద్ద కౌంటీలు కుర్రాళ్లని పరీక్షించుకుంటూ కాలక్షేపం చేసేవి. జనానికి ఆసక్తి పోయిందని ఇప్పుడు మళ్లీ ఎక్కుడు దిగుడు పద్ధతి తెచ్చారు.

నా బాధ వేరు. మొన్న ఆదివారం లీగ్ ఫైనల్, ఈ నెల 20న మన్‌స్టర్ ఛాంపియన్‌షిప్ (దక్షిణాది కౌంటీల పోటీ, ఆల్ ఐర్లండ్‌కి తొలి మెట్టు) మొదలు. మధ్యలో రెండే వారాలు! ఆల్ ఐర్లండ్ ఫైనల్‌ని సెప్టెంబరు నుంచి జులైకి జరిపాక కౌంటీ సీజన్ మొత్తం కుదించుకుపోయింది. ఫైనల్ చేరిన జట్టుకి విశ్రాంతి ఏది? 2022 గుర్తు తెచ్చుకోండి. వాటర్‌ఫర్డ్ లీగ్ ఫైనల్లో కార్క్‌ని 4-20, 1-23తో చిత్తు చేసింది. వేసవి వచ్చేసరికి మన్‌స్టర్ దాటలేకపోయింది. నన్నడిగితే ఫైనలే తీసేసి, టేబుల్‌లో మొదటి జట్టుకి కప్పు ఇచ్చేయాలి.

లిమరిక్_అక్క | 8 ఏప్రిల్ 2025, ఉదయం 11:30

నైట్ డ్యూటీ దిగి చదువుతున్నాను, తప్పులుంటే క్షమించండి.

డబ్లిన్ అన్నయ్యా, ఫైనల్ ఆడితే వేసవిలో అలసిపోతారన్న మాట నేను ఒప్పుకోను. లిమరిక్ 2023లో లీగ్ ఫైనల్లో కిల్కెనీని ఓడించింది, ఆల్ ఐర్లండ్ కూడా గెలిచింది. క్లేర్ 2024లో రెండూ గెలిచింది. జట్టు సత్తా బట్టి ఉంటుంది, తేదీల బట్టి కాదు.

నా దృష్టిలో లీగ్ విలువ ఫైనల్లో లేదు. 2018 లిమరిక్‌ని తీసుకోండి. ఏళ్ల తరబడి 1బీలో ఉండిపోయాం. ప్రతి ఏడూ ఈసారి పైకెళ్తాం అనడం, ఏదో ఒక మ్యాచ్ జారిపోవడం. 2018 మార్చిలో గాల్వేని వాళ్ల సొంత మైదానంలోనే ఓడించి 1ఏకి ఎక్కాం. గాల్వే అంటే అప్పటికి ఆల్ ఐర్లండ్ ఛాంపియన్. ఆ ఆగస్టులోనే 1973 తర్వాత మొదటిసారి ఆల్ ఐర్లండ్ గెలిచాం. 45 ఏళ్లు! మా వార్డులో పేషెంట్లు కూడా ఆ పూట రేడియో చెవి దగ్గర పెట్టుకుని పడుకున్నారు. మేం గెలవగలం అన్న నమ్మకం ఆ మార్చి మధ్యాహ్నం పుట్టిందని ఇక్కడి వాళ్లు చెప్తారు, నేనూ అదే నమ్ముతాను. కప్పు లేని లీగ్ మ్యాచ్ అది.

మా అమ్మాయి కమోగీ ఆడుతుంది, అంటే ఆడపిల్లల హర్లింగ్. కొత్త_అభిమాని తమ్ముడూ, ఒక్కసారి హర్లీ, అదే ఆట కర్ర, చేతిలో పట్టుకుని చూడు. యాష్ చెట్టు మొదలు దగ్గర, వేరు వంపు తిరిగే చోట కోసిన చెక్కతో చేస్తారు. ఆ వంపులో చెక్క గీతలు కూడా వంగి ఉంటాయి, అందుకే కొట్టినప్పుడు తొందరగా విరగదు. కింద వెడల్పుగా ఉండే భాగాన్ని బాస్ అంటారు, చీలిపోకుండా దానికి రేకు పట్టీ చుడతారు. బంతి పేరు స్లిటర్. 110 నుంచి 116 గ్రాముల బరువు, పైన తోలు, కుట్టు అంచులు ఉబ్బెత్తుగా వేలికి తగులుతాయి. చిన్నప్పుడు మా హన్మకొండలో ఆడిన చిర్రగోనె గుర్తొస్తుంది నాకు. గాల్లో లేచిన దాన్ని కంటితో పట్టి కొట్టడమే రెండింట్లోనూ ప్రాణం. ఇక్కడి చెట్లకి ఏదో తెగులు వచ్చి యాష్ చెక్కే కరువైపోతోంది, బయటి నుంచి తెప్పిస్తున్నారు, వెదురువి కూడా వస్తున్నాయి. మా అమ్మాయి మాత్రం యాష్ కర్రే కావాలంటుంది. కిందటి నెల ఒకటి విరిగితే రెండు ముక్కలూ గదిలోనే దాచుకుంది.

గాల్వే_గోదారి | 8 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 12:45

అక్కా, ఆ మార్చి మ్యాచ్‌కి నేను ఉన్నాను, ఓడిన వైపు! మీరన్నది అక్షరాలా నిజం.

మా చిన్నప్పుడు తణుకులో అదే ఆటని బిళ్లంగోడు అనేవాళ్లం.

కింది డివిజన్ల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. లండన్ జట్టు ఈ లీగ్‌లో ఆడుతుంది. ఇంగ్లండ్‌లోని వార్విక్‌షైర్, లాంకషైర్ జట్లు కూడా ఆడాయి. ఉత్తరాన గేలిక్ ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న కౌంటీల్లో హర్లింగ్ ఆడేది గుప్పెడు మంది. వాళ్లు ఉద్యోగాలు చేసుకుంటూ, చీకటి పడ్డాక లైట్ల కింద సాధన చేసి, జనవరి బురదలో వంద మంది ముందు ఆడతారు. ఈ ఆటలో ఎవరికీ జీతాలు లేవు, ఆల్ ఐర్లండ్ వీరుడికీ లేవు. లీగ్ లేకపోతే ఆ చిన్న కౌంటీలకు తమ స్థాయి వాళ్లతో వరసగా ఆడే అవకాశం ఎక్కడుంది? నాకు లీగ్ మీద ప్రేమ అక్కడి నుంచే.

డబ్లిన్15_నాన్న | 8 ఏప్రిల్ 2025, సాయంత్రం 5:30

అక్కా, 2018 గురించి మీరన్నది ఒప్పుకుంటాను. మా డబ్లిన్‌కీ అలాంటి రోజు ఒకటుంది. 2011 లీగ్ ఫైనల్, కిల్కెనీ మీద 0-22, 1-7తో గెలిచాం. 1939 తర్వాత మొదటి లీగ్ టైటిల్, 72 ఏళ్లకి. అప్పుడు నేను ఇక్కడ లేను, మా అబ్బాయి కోచ్ చెప్తుంటే విన్నాను. ఆయన గొంతు వణికింది.

అయినా ఫార్మాట్ మీద నా మాట మారదు. ఫార్మాట్ ఎన్నిసార్లు మార్చారో చూడండి. కోవిడ్ ఏళ్లు మరీ విచిత్రం. 2020లో లీగ్ మధ్యలో ఆగిపోయింది, చివరికి అక్టోబరు 25న లిమరిక్, క్లేర్ ఆడిన మన్‌స్టర్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌నే లీగ్ ఫైనల్‌గా కూడా లెక్కేశారు. ఒకే మ్యాచ్, రెండు లెక్కలు. లిమరిక్ 0-36, క్లేర్ 1-23. 2021లోనూ అదే ఆలోచన చేశారు. గాల్వే, కిల్కెనీ ఛాంపియన్‌షిప్‌లో ఎదురుపడితే దాన్నే లీగ్ ఫైనల్ అనుకుందామన్నారు. గాల్వే ముందే డబ్లిన్ చేతిలో ఓడిపోయింది, ఇద్దరూ ఎదురుపడలేదు, టైటిల్ పంచేశారు. ఆ ఏళ్లలో వేరే దారి లేదు, సరే. కానీ మామూలు రోజుల్లో ఒక పద్ధతి పెట్టుకుని పదేళ్లు దానికే కట్టుబడి ఉండాలి. అప్పుడే మా పిల్లలకి కూడా లీగ్ అంటే గౌరవం వస్తుంది.

థర్లెస్_దారి | 8 ఏప్రిల్ 2025, రాత్రి 8:20

అన్నా, ఈ మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. నిలకడ కావాలి.

ఈ ఏడాది పద్ధతి నాకు నచ్చింది. కారణం క్లేర్. పోయినేడు లీగూ ఆల్ ఐర్లండూ రెండూ గెలిచిన జట్టు ఈసారి వెక్స్‌ఫర్డ్‌తో పాటు 1బీకి దిగిపోయింది. వాటర్‌ఫర్డ్, ఆఫలీ పైకొచ్చాయి. ఛాంపియన్ అయినా సరే ఫిబ్రవరిలో ఏమరుపాటుగా ఉంటే కింద పడతాడు. 2020 నుంచి కొన్నేళ్లు ఈ టెన్షన్ ఇంతగా లేదు. ఆఫలీ సంగతి చూడండి, వాళ్లు లీగ్ గెలిచింది చరిత్రలో ఒక్కసారే, 1991లో. ఇప్పుడు వచ్చే ఏడు కార్క్, లిమరిక్, కిల్కెనీలతో వరసగా ఆడబోతున్నారు. ఆ ఊళ్లలో చిన్న పిల్లలకి అదెంత పండగో!

ఫైనల్ తీసేయమంటే మాత్రం ఒప్పుకోను. 2016లో క్లేర్, వాటర్‌ఫర్డ్ ఫైనల్ డ్రా అయి, మళ్లీ ఆడిస్తే చివరి క్షణంలో టోనీ కెల్లీ కొట్టిన పాయింటుతో క్లేర్ గెలిచింది. టేబుల్ చూసి కప్పు ఇచ్చేస్తే అలాంటి మధ్యాహ్నాలు ఎక్కడివి?

కొత్త_అభిమాని | 9 ఏప్రిల్ 2025, ఉదయం 9:05

అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న రాత్రి ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. 1956 మ్యాచ్ దగ్గర "మళ్లీ చదవండి" అంది. నిన్న లంచ్‌లో ఆఫీసులో లిమరిక్ 2018 మాట ఎత్తితే, "లీగే కదా" అన్న ఆయనే అరగంట ఆపకుండా మాట్లాడాడు.

థర్లెస్_దారి | 20 జులై 2025, రాత్రి 11:40

ఈ చర్చని మళ్లీ పైకి తెస్తున్నాను, రాయకుండా ఉండలేను.

ఆల్ ఐర్లండ్ ఫైనల్. టిప్పరరీ 3-27, కార్క్ 1-18!

హాఫ్ టైమ్‌కి కార్క్ 6 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. నేను క్రోక్ పార్క్‌లో తల పట్టుకుని కూర్చున్నాను. ఏప్రిల్ మళ్లీ జరుగుతోంది అనుకున్నాను. రెండో సగంలో కార్క్ కొట్టింది రెండే పాయింట్లు. 35 నిమిషాలు, రెండే! జాన్ మెక్‌గ్రా రెండు గోల్స్, డారా మెకార్తీ ఒక్కడే 1-13. గోల్‌కీపర్ రీస్ షెల్లీ పెనాల్టీ ఆపాడు, తన గోల్ వదిలి ముందుకొచ్చి ఒక పాయింట్ కూడా కొట్టాడు.

మేనేజర్ లియమ్ కహిల్ సంగతి ఆలోచించండి. 2022లో లీగ్ గెలిచి వేసవిలో మన్‌స్టర్ దాటలేని వాటర్‌ఫర్డ్‌కి మేనేజర్ ఈయనే. ఈసారి లీగ్ ఫైనల్లో పది పాయింట్లతో ఓడి, ఇప్పుడు పదిహేను పాయింట్లతో గెలిచాడు. ఏప్రిల్ 6న ఏం తప్పు జరిగిందో ఆయన వంద సార్లు చూసుకుని ఉంటాడు. ఆ ఓటమి లేకపోతే ఇవాళ ఈ గెలుపు లేదని నా గట్టి నమ్మకం.

లీసైడ్_తెలుగు | 21 జులై 2025, ఉదయం 6:30

అభినందనలు తమ్ముడూ. నిద్ర పట్టలేదు, కానీ మనస్ఫూర్తిగానే చెప్తున్నాను. మీ కుర్రాళ్లు అద్భుతంగా ఆడారు.

ఇప్పుడు అందరూ "లీగ్ గెలిస్తే ఏమొచ్చింది" అంటారు. అననివ్వండి. ఏప్రిల్లో ఆ సాయంత్రం లీ నది ఒడ్డున ఎర్ర జెండాలతో నడిచొచ్చిన జనంలో నేనూ ఉన్నాను. మా పాప నా భుజాల మీద ఉంది. దానికి గుర్తున్న మొదటి కప్పు అదే, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

డబ్లిన్15_నాన్న | 21 జులై 2025, ఉదయం 8:15

లీసైడ్ అన్నా, మీకు ఫోన్ చేస్తాను సాయంత్రం. ఇద్దరికీ ఒక మాట: ఏప్రిల్లో ఫైనల్ తీసేయాలన్నాను కదా, ఇవాళ ఆ మాట అంత గట్టిగా అనలేను. రెండు వారాల వ్యవధి మాత్రం పెంచాలి. అక్కడ నేను తగ్గను.

కొత్త_అభిమాని | 21 జులై 2025, మధ్యాహ్నం 1:10

ఇవాళ పొద్దున బస్టాప్‌లో ఆ పెద్దాయన కనిపించారు, పార్క్ ఈ కీవ్‌లో నా పక్కన కూర్చున్న ఆయనే. ఏం మాట్లాడాలో తెలియక "బాధగా ఉంది" అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "జనవరిలో మళ్లీ లీగ్ ఉందిగా" అన్నారు. బస్సు వచ్చింది, ఎక్కేశారు.

జనవరి మ్యాచ్‌లకి టికెట్లు ఎప్పటి నుంచి దొరుకుతాయో, ఎక్కడ కొనాలో ఎవరైనా చెప్పండి. ఈసారి మా ఆవిడ కూడా వస్తానంటోంది.

లిమరిక్_అక్క | 21 జులై 2025, మధ్యాహ్నం 2:00

షెడ్యూల్ వచ్చాక జీఏఏ (ఈ ఆటని నడిపే సంఘం) సైట్‌లోనే కొనొచ్చు తమ్ముడూ. స్టాండ్‌లో తీసుకోండి, జనవరిలో టెర్రస్ (సీట్లు లేని మెట్లు) మీద వానలో నిలబడటం మీ ఆవిడకి మొదటిసారి కష్టం. రెండు జతల సాక్సులు, ఫ్లాస్కులో టీ మర్చిపోకండి. లిమరిక్‌లో కార్క్ మ్యాచ్ పడితే పొద్దున్నే మా ఇంటికి వచ్చేయండి, పులిహోర చేస్తాను, అందరం కలిసి నడిచే వెళ్దాం.